ఎనభై-ఇరవై గ్యాస్‌తో 304 స్టీలు: ఒక వాష్ టేబుల్ పని డైరీ

టిఫిన్ సెంటర్ వంటగదిలో గిన్నెలు కడగడానికి ఒక స్టెయిన్‌లెస్ టేబుల్ కావాలి. పొడవు 1200, వెడల్పు 600, ఎత్తు 850 మి.మీ. కాళ్లకూ ఫ్రేముకూ 38×38×1.5 మి.మీ. 304 రకం స్టెయిన్‌లెస్ స్క్వేర్ పైపు. పైన 2 మి.మీ. 304 షీటు, దాని కింద మూడు అడ్డపట్టీలు. పని జరిగేది విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో. రోజంతా నీళ్లు, ఉప్పు, చింతపండు పులుపు, రాత్రి కడిగేటప్పుడు బ్లీచింగ్ నీళ్లు పడే చోటు. జాయింటు బలంగా ఉంటే చాలదు, తుప్పు పట్టకూడదు. ఈ డైరీలో ఉన్నదంతా ఆ రెండో మాట గురించే.

వెల్డు పడేటప్పుడు గాలి తగలకుండా కప్పే గ్యాస్‌లు షెడ్డులో రెండున్నాయి. ఒకటి మైల్డ్ స్టీలు పనికి తెచ్చిన 80 శాతం ఆర్గాన్, 20 శాతం సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) మిక్స్. రెండోది టిగ్ (టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ వెలిగించే వెల్డింగ్) కోసం ఉంచిన ప్యూర్ ఆర్గాన్. మిగ్‌తో (గన్‌లోంచి వైరు దానంతటదే వచ్చి కరిగే వెల్డింగ్) స్టెయిన్‌లెస్ చేయడానికి సరైనది 98 శాతం ఆర్గాన్, 2 శాతం సీవోటూ. లేదా ఆర్గాన్‌లో ఒకటి రెండు శాతం ఆక్సిజన్. పలచటి రేకుకు షార్ట్ ఆర్క్ (తక్కువ వోల్టేజీతో వైరు మొన లోహానికి తగిలి తగిలి కరిగే పద్ధతి) పెడితే 90 శాతం హీలియం, 7.5 శాతం ఆర్గాన్, 2.5 శాతం సీవోటూ ఉన్న మూడు గ్యాస్‌ల మిక్స్ వాడతారు. హీలియం ఖరీదు చూస్తే ఇలాంటి పనికి ఆ మాటే అనుకోనక్కర్లేదు. 98-2 సిలిండర్ ఆర్డరు మీద వస్తుంది, అదీ ఈ ఒక్క పనికి పెద్ద సిలిండర్ డిపాజిట్ కట్టాలి.

మొత్తం టిగ్‌తోనే చేయొచ్చు కదా అంటే చేయొచ్చు. పది జాయింట్ల పనయితే అదే మేలు, ఈ తిప్పలేవీ ఉండవు. ఇక్కడ పైపు జాయింట్లు, పట్టీల కుట్లు కలిపి వెల్డు పొడవు చాలా ఎక్కువ. మిగ్‌తో చకచకా వెళితే షీటుకు వేడి తక్కువ ఎక్కుతుంది, వంకర తగ్గుతుంది. అందుకే మిగ్. ఒక్క మాట మాత్రం ముందే: టిగ్ టార్చికి 80-20 గ్యాస్ ఎప్పుడూ పెట్టకూడదు. సీవోటూ తగిలిన టంగ్‌స్టన్ మొన క్షణాల్లో కాలి చెడిపోతుంది.

1వ రోజు: మెషిన్ శుభ్రం, ముక్కలు కోయడం

మైల్డ్ స్టీలు నడిచిన మెషిన్‌లో స్టెయిన్‌లెస్ వైరు పెట్టేముందు లైనర్ (గన్ కేబుల్ లోపల వైరు నడిచే గొట్టం) మార్చాం. పాత లైనర్‌లోని రాగిపూత పొడి, ఇనుప పొడి కొత్త వైరుకు అంటుకుని నేరుగా వెల్డులోకి పోతుంది. స్టెయిన్‌లెస్ వైరు బిరుసుగా ఉంటుంది, గన్ కేబుల్ వంపు తిరిగిన చోట పట్టేస్తుంది. టెఫ్లాన్ లైనర్ వేసి, కేబుల్ వీలైనంత తిన్నగా పరిచాం. 0.8 మి.మీ. వి-గాడి రోలర్, కొత్త టిప్. వైరు ఈఆర్308ఎల్ (304కు సరిపడే, కార్బన్ తక్కువ ఉన్న రకం), 0.8 మి.మీ. దొరికితే ఈఆర్308ఎల్ఎస్ఐ తీసుకోండి. అందులో సిలికాన్ 0.65 నుంచి 1 శాతం దాకా ఉంటుంది కాబట్టి కరిగిన లోహం అంచుల్లోకి బాగా పాకుతుంది.

గ్రైండింగ్ డిస్కులు, ఫ్లాప్ డిస్కులు, బ్రష్ అన్నీ కొత్తవి, స్టెయిన్‌లెస్‌కే విడిగా పెట్టినవి. వాటి మీద మార్కర్‌తో గుర్తు పెట్టాం. మైల్డ్ స్టీలు మీద ఆడిన డిస్కు ఒక్కసారి తగిలినా ఆ ఇనుము స్టెయిన్‌లెస్ ఒంట్లో దిగి రెండు రోజుల్లో ఎర్రటి మచ్చలవుతుంది. అప్పుడు తప్పంతా గ్యాస్ మీదకు పోతుంది, అసలు దోషి డిస్కు. కోసిన అంచులను అసిటోన్ గుడ్డతో తుడిచాం. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ స్ప్రేలు వెల్డింగ్ దగ్గరికి తేవద్దు. వాటి ఆవిరి ఆర్క్ వెలుగులో ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది.

ట్రయల్ కోసం అదే 2 మి.మీ. షీటులోంచి 50×150 మి.మీ. ముక్కలు ఇరవై కోశాం.

2వ రోజు: ఉన్న గ్యాస్‌లతో ట్రయల్

వైరు ఒకటే, జాయింటు ఒకటే (టీ జాయింటు), గ్యాస్ మాత్రమే మారుతుంది. వైరు వేగం నిమిషానికి 5.5 మీటర్లు, పాజిటివ్ గన్‌కే.

మొదట ప్యూర్ సీవోటూ, పక్క షెడ్డు నుంచి తెచ్చింది. 20 వోల్టుల దగ్గర గానీ ఆర్క్ నిలబడలేదు. చిటపటలు ఎక్కువ, బీడ్ (వెల్డు గీత) మీద బొగ్గులాంటి నల్లటి పెంకు. గన్ టక్కున ఎత్తేసిన చోట బీడ్ చివరి గుంటలో సన్నటి చీలిక వచ్చింది. ఈ చీలిక ఎందుకొచ్చిందో తెలుసుకోవాలి. 308ఎల్ వెల్డు గట్టిపడేటప్పుడు అందులో కొద్దిగా ఫెర్రైట్ (ఇనుములోని ఒక స్ఫటిక రూపం) ఉండాలి, వేడి మీద చీలకుండా కాపాడేది అదే. వెల్డుకు అయస్కాంతం కొద్దిగా అంటుకోవడానికి కారణమూ అదే. ఆర్క్ వేడికి సీవోటూ విడిపోయి, అందులోని కార్బన్ కరిగిన లోహంలోకి చేరుతుంది. కార్బన్ పెరిగితే ఫెర్రైట్ తగ్గుతుంది. చివరి గుంట నింపకుండా గన్ తీస్తే పలచగా మిగిలిన ఆ కాస్త లోహం చీలుతుంది.

తర్వాత 80-20. 18.5 వోల్టులు. ఆర్క్ మెత్తగా నడిచింది, లోహం అంచుల్లోకి బాగా పాకింది. చూస్తే మంచి బీడే, రంగు మాత్రం ముదురు బూడిద. బ్రష్‌తో రుద్దినా పోని పెంకు. ముక్కను వైస్‌లో బిగించి వెల్డు మీదుగా సగానికి మడిచాం. చీలలేదు, విరగలేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బలం చూసి సరే అనేస్తారు. బలం పోదు, పోయేది స్టెయిన్‌లెస్ గుణం.

మూడోది ప్యూర్ ఆర్గాన్. బీడ్ తెల్లగా మెరిసింది గానీ ఆర్క్ ఒకచోట నిలవలేదు, అటూ ఇటూ తిరిగింది. బీడ్ తాడులా ఎత్తుగా లేచి, అంచుల్లో లోహం పాకక సన్నటి గాడులు మిగిలాయి. ఆర్క్ కుదురుగా నిలవాలంటే లోహం మీద కాస్త ఆక్సైడు ఉండాలి. 98-2లోని ఆ రెండు శాతం సీవోటూ చేసే పని అదే. ఆ గాడుల్లో వంటగది మురికి, ఉప్పు చేరి కూర్చుంటాయి. కాబట్టి ఇదీ పనికిరాదు.

నాలుగోది ఫ్లక్స్ కోర్ వైరు (లోపల ఫ్లక్స్ పొడి నింపింది), ఈ308ఎల్‌టీ1. ఇది పుట్టిందే సీవోటూ ఉన్న గ్యాస్ కోసం. పేరు చివర -1 ఉంటే ప్యూర్ సీవోటూకు, -4 ఉంటే 75 నుంచి 80 శాతం ఆర్గాన్ ఉన్న మిక్స్‌కు. స్లాగ్ (ఫ్లక్స్ కరిగి బీడ్ మీద గట్టిపడే పెంకు) కప్పి ఉండటం వల్ల, లోపలి ఫ్లక్స్ కూర్పు వల్ల కార్బన్ హద్దులో ఉంటుంది. స్లాగ్ దానంతటదే లేచి వచ్చింది, కింద బీడ్ శుభ్రంగా ఉంది. 3 మి.మీ. పైన మందం ఉన్న పనికి, చేతిలో 80-20 మాత్రమే ఉంటే, ఇంకేమీ ఆలోచించకుండా ఈ వైరు కొనుక్కోండి. మాకు దొరికింది 1.2 మి.మీ. వైరు. 1.5 మి.మీ. పైపు మీద పెట్టగానే రంధ్రం పడింది. ఈ టేబుల్‌కు కుదరదు.

3వ రోజు: రెండు సిలిండర్లు కలపడం

98-2 గ్యాస్‌ను ఇక్కడే తయారుచేయాలి. అందరికీ మొదట తట్టేది ఆర్గాన్‌లో ప్యూర్ సీవోటూ కలపడం. అది వద్దు. నిమిషానికి 16 లీటర్లలో 2.5 శాతం అంటే 0.4 లీటరు. 25 లీటర్ల స్కేలు ఉన్న ఫ్లో మీటర్ మీద 0.4 ఎక్కడుందో కంటికి ఆనదు. పొరపాటున ఒక్క లీటరు ఎక్కువ పోయిందా, సీవోటూ 8 శాతం దాటిపోతుంది.

దానికి బదులు ఆర్గాన్‌లో 80-20ని కలపాలి. లెక్క ఇది. 80-20 నుంచి 2 లీటర్లు, ఆర్గాన్ నుంచి 14 లీటర్లు. ఆ 2 లీటర్లలో సీవోటూ 0.4 లీటరు. మొత్తం 16లో 0.4 అంటే 2.5 శాతం. ఇప్పుడు మీటర్ తప్పు చూపి 2కు బదులు 3 లీటర్లు పోయినా 17లో 0.6, అంటే 3.5 శాతం. ఒక్క లీటరే పోయినా 1.3 శాతం. రెండువైపులా పనికొచ్చే హద్దులోనే ఉన్నాం. పొరపాటును ముందే పలచన చేసి పెట్టడమే ఈ పద్ధతిలోని బలం.

కావలసినవి: గోలీ తేలే గాజు గొట్టం రకం ఫ్లో మీటర్లు రెండు, ఒకే కంపెనీ ఒకే మోడల్. ప్రతి మీటర్ తర్వాత ఒక నాన్ రిటర్న్ వాల్వ్. ఇత్తడి వై-ముక్క ఒకటి. వై నుంచి మెషిన్ దాకా 3 మీటర్ల గొట్టం, గ్యాస్‌లు కలిసేది అందులోనే. నాన్ రిటర్న్ వాల్వులు మానొద్దు. ఒక సిలిండర్ అడుగంటితే రెండోదాని గ్యాస్ అందులోకి వెనక్కి పోతుంది. తర్వాత ఆ సిలిండర్ నింపేవాళ్లకు లోపల ఏముందో తెలియదు. ఆక్సిజన్ సిలిండర్‌ను ఈ ఏర్పాటు దరిదాపులకు తేకూడదు. ఇంకొకటి, ఇది టేబుళ్లు, రెయిలింగులు చేసే పద్ధతి. బాయిలర్లు, ప్రెషర్ వెసెళ్లు, పరీక్షకు వెళ్లే పైపులకు సర్టిఫికెట్ ఉన్న సిలిండరే వాడాలి.

జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పెట్టి చూశాం, వై-ముక్క దగ్గర ఒకటి బుడగలు వేసింది, బిగించాం. నాజిల్ మూతి దగ్గర చేతి ఫ్లో గొట్టం పెట్టి కొలిస్తే 15 లీటర్లు, పర్వాలేదు.

ట్రయల్‌కు 17 వోల్టులు, అదే వైరు వేగం. 80-20తో పోలిస్తే కరిగిన లోహం చల్లగా, బిరుసుగా ఉంది, కాస్త ఉబ్బుగా కూర్చుంది. మెషిన్‌లో ఇండక్టెన్స్ నాబ్ (కరెంటు ఎంత మెత్తగా పెరగాలో చెప్పేది) సగం నుంచి ముప్పావుకు తిప్పగానే బీడ్ పరుచుకుంది. గన్ ముందుకు తోస్తూ, 10–15 డిగ్రీల వాలు. రంగు గడ్డి పసుపు నుంచి బంగారం, అంచుల్లో కొద్దిగా నీలం.

సాయంత్రం ఒక చిక్కు బయటపడింది. పొడుగు బీడ్‌లు బంగారు రంగులో వస్తుంటే, టాకులు (ముక్కలు కదలకుండా ముందుగా పెట్టే చిన్న చుక్క వెల్డులు) మాత్రం 80-20 తరహాలో బూడిద రంగులో పడుతున్నాయి. టాక్ అర సెకను పని. గన్ ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పెరిగి నిలబడుతుంది. రెండు మీటర్లలో ఎవరి ఒత్తిడి ఎక్కువైతే గొట్టం నిండా వాళ్ల గ్యాసే. 80-20 వైపు రెగ్యులేటర్ ఒత్తిడి కాస్త ఎక్కువుంది. గన్ నొక్కగానే ముందు బయటికొచ్చేది అదే, టాక్ మొత్తం దానిలోనే అయిపోతోంది. రెండు ఒత్తిళ్లూ సమానం చేశాం. ప్రీ-ఫ్లో (ఆర్క్ కంటే ముందు గ్యాస్ వచ్చే సమయం) ఒక సెకనుకు పెంచాం. కొంత ఆగి మళ్లీ మొదలుపెట్టినప్పుడల్లా గ్యాస్ టెస్ట్ బటన్ రెండు సెకన్లు నొక్కడం అలవాటు చేసుకున్నాం. టాకులు తెల్లబడ్డాయి.

3 నుంచి 10వ రోజు దాకా: ఉప్పునీళ్ల పరీక్ష

ప్రతి రకం నుంచి రెండు ముక్కలు. ఒకటి వెల్డు చేసింది చేసినట్టే, రెండోది పికిలింగ్ పేస్టుతో (పెంకును తీసేసే యాసిడ్ పేస్టు) శుభ్రం చేసి. 950 మిల్లీలీటర్ల నీటిలో 50 గ్రాముల కల్లుప్పు, పొద్దున సాయంత్రం స్ప్రే, మధ్యలో నీడలో ఆరబెట్టడం. ఇది లేబొరేటరీ పరీక్ష కాదు, పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి.

శుభ్రం చేయని ప్యూర్ సీవోటూ ముక్క రెండో రోజుకే బీడ్ పొడవునా ఎర్రబడింది. శుభ్రం చేయని 80-20 ముక్క నాలుగో రోజు బీడ్ అంచుల్లో, పెంకు పగిలిన చోట్ల ఎర్రబడింది. కలిపిన గ్యాస్ ముక్కలో రంగు తేలిన పట్టీ మీద రెండు మూడు లేత చుక్కలు మాత్రం, అదీ వారం చివర. ఫ్లక్స్ కోర్ ముక్కలో స్లాగ్ పూర్తిగా పోని ఒక మూల తప్ప ఏమీ లేదు.

పికిలింగ్ చేసిన ముక్కలే అసలు సంగతి చెప్పాయి. వాటిలో 80-20 కూడా వారం రోజులూ శుభ్రంగా ఉంది. వెంటనే కనబడే తుప్పుకు కారణం ఎక్కువగా పైపొర అన్నమాట. ఆ నల్ల పెంకు క్రోమియాన్ని తినేస్తుంది, దాని కింద క్రోమియం తగ్గిన పలచటి పొర మిగులుతుంది. రెండిటినీ తీసేస్తే కింద మంచి లోహం ఉంటుంది.

అలాగని 80-20కి మంచి పేరు ఇవ్వలేం. కార్బన్ ఎక్కిన వెల్డు వారంలో బయటపడదు. 308ఎల్ వైరులో కార్బన్ హద్దు 0.03 శాతం. ‘ఎల్’ అక్షరానికి డబ్బు కట్టేది దానికోసమే. 20 శాతం సీవోటూ ఆ హద్దును దాటించేస్తుంది. అలాంటి లోహం 450 నుంచి 850 డిగ్రీల మధ్య నిలిచినప్పుడు కార్బన్, క్రోమియం కలిసి రేణువుల అంచుల్లో కార్బైడుగా చేరతాయి, ఆ అంచుల వెంట క్రోమియం కరువవుతుంది. తుప్పు ఆ గీతల వెంటే లోపలికి పాకుతుంది. పలచటి రేకు మీద ఒక్క పాస్ (ఒక్క వరస వెల్డు) గబగబా చల్లారిపోతుంది కాబట్టి ముప్పు తక్కువ. మందపాటి ప్లేటులో రెండో పాస్, మూడో పాస్ పడుతుంటే మొదటి పాస్ మళ్లీ మళ్లీ ఆ వేడిలో ఉడుకుతుంది. పొయ్యి పక్కన, సైలెన్సర్ మీద, ఆవిరి పైపు మీద ఉండే వెల్డుకైతే రోజూ అదే పరిస్థితి. పొడిగా ఉండే చోట ఒక బ్రాకెట్టో, స్టాండో అయితే 80-20తో చేసి శుభ్రం చేసి ఇచ్చేయండి, తప్పు లేదు. నీళ్లు తగిలే దానికి, వేడెక్కే దానికి వద్దు.

11వ రోజు: ఫ్రేము

పై చట్రం మూలలు 45 డిగ్రీలకు కోశాం. కర్ణం 1341.6 మి.మీ. రావాలి, రెండు కర్ణాలకూ తేడా ఒక మి.మీ. లోపే ఉండేలా బిగించాం. 304 వేడికి మైల్డ్ స్టీలు కంటే సుమారు ఒకటిన్నర రెట్లు సాగుతుంది, వేడిని మాత్రం మూడో వంతే పాకనిస్తుంది. వేడి ఒకచోటే కూర్చుని లాగేస్తుంది. అడ్డపట్టీల వెంట టాకులు ప్రతి 40 మి.మీ.కు ఒకటి, మైల్డ్ స్టీలుకు పెట్టే దూరంలో సగం. ఒక మూల చేశాక ఎదురు మూల, అరచేయి ఆనించగలిగేంత చల్లారాకే పక్క మూల. షీటు వెనక రాగి పట్టీ అదిమి పెట్టాం, వేడి అందులోకి దిగుతుంది.

కాళ్ల లోపలి వైపు ఆర్గాన్ నింపాం. ముందు ఖాళీగానే ఒక జాయింటు చేసి, కోసి చూశాం. బీడ్ లోపలికి దిగిన చోట పంచదార పలుకుల్లాంటి నల్లటి గరుకు. షుగరింగ్ అనేది దీన్నే. పైపు లోపల కొలత 35×35, 800 మి.మీ. పొడవుకు దాదాపు ఒక లీటరు. నిమిషానికి 6 లీటర్ల ఆర్గాన్‌తో రెండు నిమిషాలు వదిలితే లోపలి గాలి పదిసార్లకు పైగా మారుతుంది. ఆర్గాన్ బరువైనది కాబట్టి కాలు నిలబెట్టి కింద నుంచి నింపాం, పైన 3 మి.మీ. రంధ్రం గాలి పోవడానికి. చివరి కుట్టు పడేటప్పుడు ఆర్గాన్ 3 లీటర్లకు తగ్గించాలి, లేకపోతే లోపలి ఒత్తిడికి కరిగిన లోహం బయటికి ఊడుతుంది. మాకు ఒకచోట అలాగే బుడగ లేచింది. గ్రైండ్ చేసి మళ్లీ పెట్టాం.

ప్రతి బీడ్ చివర గన్ ఒక సెకను ఆపి గుంట నింపి, పోస్ట్-ఫ్లో (ఆర్క్ ఆగాక వచ్చే గ్యాస్) అయ్యేదాకా నాజిల్ అక్కడే ఉంచాం. షెడ్డులో పెద్ద ఫ్యాను ఆపేసి, పొగను పక్కకు లాగే ఎగ్జాస్ట్ మాత్రం నడిపాం. స్టెయిన్‌లెస్ పొగలో ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది, అది క్యాన్సర్ తెచ్చేది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. పీ100 కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ పెట్టుకున్నాం.

గ్యాస్ ఖర్చు: పెద్ద ఆర్గాన్ సిలిండర్ సుమారు 7 క్యూబిక్ మీటర్లు. నిమిషానికి 14 లీటర్ల చొప్పున ఆర్క్ 500 నిమిషాలు వెలిగేంత. 80-20 వైపు ముల్లు కదిలినట్టే లేదు.

12వ రోజు: శుభ్రం

పైకి కనబడే వెల్డులన్నీ పికిలింగ్ పేస్టుతో. ఇందులో నైట్రిక్ యాసిడ్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటాయి. రెండోది చర్మం మీద పడినప్పుడు మంట వెంటనే తెలియకపోవచ్చు, లోపలికి ఎముక దాకా దిగుతుంది. మందపాటి రబ్బరు గ్లవ్స్, ముఖానికి షీల్డు, పక్కన కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా డబ్బా మూత తీయవద్దు. పేస్టు రాసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి, ఎండలో ఆరిపోకుండా చూసి, ధారాళంగా కడిగాం. కడిగిన నీళ్లు తొట్టిలో పట్టి సున్నంతో విరిచాకే పారబోశాం.

తర్వాత నిమ్మఉప్పు. బరువులో 5 శాతం, అంటే 10 లీటర్ల ద్రావణానికి సుమారు అర కిలో. 45 డిగ్రీల గోరువెచ్చటి ద్రావణంతో గుడ్డలు తడిపి వెల్డుల మీద 30 నిమిషాలు కప్పి, మంచినీళ్లతో కడిగాం. ఇది తేలిన ఇనుమును తీసేసి క్రోమియం పొర నిలబడేలా చేస్తుంది. వెల్డు రంగును, నల్ల పెంకును తీయలేదు, కాబట్టి పికిలింగ్‌కు బదులు అనుకోవద్దు.

ఇనుము మిగిలిందేమో చూడటానికి మైలుతుత్తం పరీక్ష. 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 4 గ్రాముల మైలుతుత్తం, 1 మిల్లీలీటరు సల్ఫ్యూరిక్ యాసిడ్ (నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు). తడి ఆరకుండా 6 నిమిషాలు ఉంచితే ఇనుము ఉన్నచోట రాగి రంగు తేలుతుంది. తిండి తగిలే చోట ఈ పరీక్ష చేయకూడదు. అందుకే టేబుల్ పైభాగాన్ని వదిలి, కాళ్ల కింది భాగంలోనూ ట్రయల్ ముక్కల మీదా చేశాం. ఎడమ వెనక కాలి దగ్గర గోరంత ఎర్రటి మచ్చ తేలింది. అది వెల్డు మీద కాదు, వెల్డుకు నాలుగు అంగుళాల కింద, మైల్డ్ స్టీలు సీ-క్లాంపు పట్టిన చోట. ఫ్లాప్ డిస్కుతో గీకి, మళ్లీ నిమ్మఉప్పు పెట్టి, మళ్లీ చూస్తే ఏమీ తేలలేదు. క్లాంపు పళ్లకు రాగి రేకు తొడుగులు చేసి బిగించాం.

మిగిలిన పని: కాళ్ల కింద నైలాన్ బుష్‌లు, ఆర్గాన్ పోయిన 3 మి.మీ. రంధ్రాలు నాలుగూ టిగ్‌తో పూడ్చడం. రంధ్రం తెరిచి వదిలితే కడిగిన నీళ్లు కాలి లోపలికి చేరి బయటికి రావు.